కళ్ళాపి వేళ కరిచే కుక్క: జున్ను కేసు

జున్ను ఆడకుక్క. మీగడ రంగు బొచ్చు, వయసు ఆరేళ్ళ పైచిలుకు, బరువు 5.2 కిలోలు. పొమరేనియన్ అని చెప్పి అమ్మే రకమే గాని నిజానికి ఇండియన్ స్పిట్జ్. 2024 జూలై ఆఖరి వారంలో చెన్నై అయనావరంలోని ఒక తెలుగు దంపతుల ఇంటికి వచ్చింది. ఆగస్టు 12న నాకు ఫోను వచ్చేసరికి ఆ ఇంట్లో నాలుగుసార్లు కరిచి ఉంది. కుక్కల ప్రవర్తన సమస్యలు చూడడం నా వృత్తి. ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాయడానికి కారణం ఒకటే: తొలి మూడు వారాలు నేను తప్పుదారిలో నడిచాను. ఆ తప్పు ఈ పనిలో ఉన్నవాళ్ళు తరచూ చేసేదే.

ఇంటాయన పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. నెల్లూరు వైపు నుంచి వచ్చి నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నారు. పిల్లలిద్దరూ వేరే ఊళ్ళలో ఉద్యోగాలు. నేను ఆయన్ను బాబాయిగారని, ఆవిడను పిన్నిగారని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. కుక్క పేరు మాత్రం మార్చలేదు. జున్ను అని పెట్టింది పిన్నిగారే. అంతకుముందు దానికి పేరు లేదు, బోను మీద ఒక అంకె ఉండేదట.

నగరం శివార్లలో లైసెన్సు లేకుండా నడిచిన ఒక బ్రీడింగు షెడ్డులో పుట్టి, అక్కడే పిల్లల్ని కంటూ బతికింది. మన దేశంలో 2017లో కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి బ్రీడరూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ షెడ్డులో ఇవేవీ లేవు. జున్ను పొట్ట చర్మం జారిపోయిన తీరు చూస్తే చాలాసార్లు ఈనిందని తెలుస్తుంది. బయటికి తీసుకొచ్చిన వలంటీర్లు ఇంకో మాట కూడా చెప్పారు: పొద్దున్నే కుక్కల్ని లోపలే ఉంచి బోనులను పైపుతో కడిగేవారు, మూలకు జరగని కుక్కను చీపురు మొదలుతో పొడిచేవారు. ఈ వాక్యం నా నోట్సులో మొదటి పేజీలోనే ఉంది. దాని విలువ నాకు తెలిసింది చాలా తర్వాత.

ఈ దంపతుల కంటే ముందు ఇంకో కుటుంబం జున్నును తీసుకుని పదకొండు రోజులకు తిప్పి పంపింది. ఆ పదకొండు రోజుల్లో ఎవరో ట్రైనరును పిలిపించి, మెడకు బిగుసుకునే గొలుసు వేసి, గుర్రుమన్నప్పుడల్లా లాగించారు. గుర్రుమంటే మెడ బిగుస్తుందని తెలిసిన కుక్క గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం ఎక్కడికీ పోదు. కరిచే ముందు వినిపించాల్సిన గొంతు ఒక్కటే పోతుంది. ఆ ట్రైనరు తన పని విజయవంతమైందనే అనుకుని ఉంటాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు జున్ను హాల్లో పాత కుట్టుమిషను కింద, కాలితో తొక్కే పలక వెనకాల ఉంది. నేను గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని, దానికి పక్కగా తిరిగి, గంటసేపు పిన్నిగారితో మాట్లాడాను. ఆ గంటలో అది ఒక్కసారి కూడా మొరగలేదు. పెదవులు నాక్కుంది, నిద్ర రాకుండానే ఆవలించింది, ముందుకాలు ఒకటి పైకెత్తి అలాగే పట్టుకుంది, తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి తెల్లగుడ్డు కనిపించేలా నన్ను చూసింది. ఇవన్నీ దూరం ఉండమని కుక్క చేసే మనవులు. పిన్నిగారు అవి చూసి "పాపం, ముద్దుగా ఆవలిస్తోంది" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు, మనకు ఎవరూ నేర్పలేదు.

ఆ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ ఒక సలహా ఇచ్చాడు. తల నిమురుతూ ఉంటే అలవాటు పడుతుందని ఒకరు, రెండు పూటలు తిండి ఆపితే దారికొస్తుందని ఒకరు. తిండి ఆపడం పిన్నిగారి చేత కాలేదు, నిమరడం మాత్రం చేశారు. బెదిరిన కుక్క మీదికి వంగి చెయ్యి చాచడం మనకు ప్రేమే. కుట్టుమిషను కింద నుంచి చూసేదానికి అది పై నుంచి దిగుతున్న చెయ్యి. అందుకే మొదటి రోజే ఒక నియమం పెట్టాను: ఎవరూ దాని దగ్గరికి వెళ్ళకూడదు, అదే రావాలి. కుట్టుమిషను కిందనే పరుపు, నీళ్ళు పెట్టాలి. దాన్ని అక్కడి నుంచి తీయడానికి చెయ్యి లోపలికి పెట్టకూడదు.

ఇంకో చిన్న నియమం భాష గురించి. ఇంట్లో తెలుగు, ఇంటి పనికి వచ్చే ఆవిడతో అరవం. రెండు భాషల్లోనూ ఒకే అర్థంతో ఉన్న మాట ఒకటుంది: పో. ఎవరు, ఎవరితో, ఎంత మెత్తగా అన్నా జున్ను నేలకు అంటుకుపోయేది. ఆ మాటను ఇంట్లోంచి తీసేయమన్నాను. "మన ఇళ్ళలో పోతానని ఎవరంటారు, వెళ్ళొస్తాననే కదా అంటాం" అని పిన్నిగారు నవ్వారు. కానీ బాబాయిగారు ఫోనులో మాట్లాడేటప్పుడు లెక్కపెడితే పది నిమిషాల్లో ఆరుసార్లు వచ్చింది.

ఇక కాట్ల సంగతి. పిన్నిగారు పాల లెక్క రాసే పుస్తకంలోనే ఇవీ రాసి ఉంచారు. నా అదృష్టం అది. నాలుగింటిలో మూడు పొద్దున పావు తక్కువ ఆరుకూ ఆరున్నరకూ మధ్య జరిగినవే. మొదటి రెండూ పనికి వచ్చే ఆవిడ చీర చెంగుకు, మూడోది బాబాయిగారి పాదానికి. నాలుగోది మధ్యాహ్నం, పెరుగన్నం తిన్న తర్వాత పిన్నిగారు మూతి తుడవబోతే బొటనవేలికి. రక్తం వచ్చింది. జున్నుకు రేబిస్ టీకా అప్పటికే వేసి ఉంది. అయినా ఆవిడ చేతిని సబ్బుతో పారే నీళ్ళ కింద పావుగంట కడిగి, ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు చెప్పినట్టు ఇంజెక్షన్లు వేయించుకున్నారు. పెంపుడు కుక్కే కదా అని పసుపు అద్ది ఊరుకునే ఇళ్ళు ఇప్పటికీ చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి.

మూడు పొద్దుటి కాట్లకు కారణం పనికి వచ్చే ఆవిడని ఇంట్లో అందరూ తేల్చేశారు. కొత్త మనిషి, గట్టిగా మాట్లాడుతుంది, అందుకని. నాలుగోదానికి కారణం నేనే తేల్చాను: ముఖం మీదికి చెయ్యి వచ్చింది, అందుకని. పశువైద్యుడికి చూపించారా అని అడిగితే "చూపించాం" అన్నారు, నేను సరేనన్నాను.

ఇదీ నా తప్పు. ఆ డాక్టరు జున్నుకు మూతికట్టు కట్టి, బరువు చూసి, టీకా వేసి పంపారు. మూతికట్టు కట్టిన కుక్క నోరు ఎవరికి కనిపిస్తుంది? ఆగస్టు 14 నాటి నా నోట్సులో నా చేతిరాతతోనే ఇలా ఉంది: "ఉడికించిన చికెన్ ముక్క తీసుకుంది, వదిలేసింది, మళ్ళీ తీసుకుంది. తల కుడివైపు వంచి నమిలింది. ఒత్తిడి వల్ల ఆకలి మందగించి ఉండవచ్చు." నమిలేటప్పుడు తల ఎందుకు వంచిందో అడగకుండా ఆకలి గురించి రాసుకున్నాను. చిన్న జాతి కుక్కల్లో పళ్ళ జబ్బు ఎంత మామూలో నాకు తెలుసు. తెలిసీ మూడు వారాలు చికెన్ ముక్కలతో పాఠాలు నడిపాను. పంటినొప్పి ఉన్న కుక్కకు బహుమతి అని చెప్పి నొప్పినే అందించాను. సెప్టెంబరు 2న అయిదోసారి కరిచింది. ఈసారి నా చేతినే.

సెప్టెంబరు 5న వేరే పశువైద్యురాలి దగ్గర రక్తపరీక్షలు చేయించి, మత్తు ఇచ్చి నోరు చూశారు. ఏడు పళ్ళు తీయాల్సి వచ్చింది. ఎడమవైపు పైదవడలో పెద్ద నమిలే పన్ను వేరు దగ్గర చీము గూడు కట్టి ఉంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన దక్షిణాది కుక్కల్లో చాలా ఎక్కువ కాబట్టి దానికీ పరీక్ష చేశారు, లేదని తేలింది. ఎడమ వెనకకాలు మోకాలి చిప్ప మాత్రం పక్కకు జారుతోంది. గుమ్మం మెట్టు దగ్గర అది ఎందుకు ఆగిపోతుందో అప్పుడు అర్థమైంది. పొగరని, మొండితనమని, భయమని ఆ ఆగడానికి ముగ్గురం మూడు పేర్లు పెట్టి ఉన్నాం.

పది రోజులు మెత్తటి అన్నం, విశ్రాంతి, ఏ పాఠమూ లేదు. ఆరో రోజున పిన్నిగారు ఫోను చేసి "తల వంచకుండా తింది" అన్నారు. అంతే అన్నారు.

డాక్టరు ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సిటిన్ అనే మందు కూడా మొదలుపెట్టారు. నిద్రమాత్రలా అని బాబాయిగారికి అనుమానం. కాదు, ఇది ఎప్పుడూ మోగుతూ ఉండే లోపలి గంటను కాస్త తగ్గిస్తుంది. ఫలితం కనబడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మనంతట మనం ఉన్నట్టుండి ఆపకూడదు. మందు ఉంటే శిక్షణ అక్కర్లేదనే వాళ్ళూ, మందంటే ఓటమి ఒప్పుకోవడమనే వాళ్ళూ నాకు సమానంగా తగులుతుంటారు. వణుకుతున్న పిల్లాడికి ఎక్కాలు చెప్పి చూడండి, మందు ఎందుకో తెలుస్తుంది.

ఇప్పుడు పొద్దుటి కాట్ల దగ్గరికి వస్తాను. ఈ కేసులో రోగం కనిపెట్టింది నేను కాదు, పనికి వచ్చే ఆవిడ. సెప్టెంబరు మూడో వారంలో ఒకరోజు ఆవిడతో విడిగా కూర్చుని అడిగితే, నా మీద దానికి కోపం లేదు, చేతిలో చీపురు కింద పెడితే వణుకు ఆపేస్తుంది, జూలై నుంచీ చెబుతూనే ఉన్నాను అంది. ఎవరూ వినలేదు. నేను అడగనే లేదు. ఆవిడ దినచర్య చూస్తే అంతా తేటపడింది: గేటు తీస్తుంది, బక్కెటు నీళ్ళు సిమెంటు వాకిట్లో విసిరి కళ్ళాపి చల్లుతుంది, కొబ్బరి ఈనెల చీపురుతో బరబరా ఊడుస్తుంది, ముగ్గు వేస్తుంది. షెడ్డులో ప్రతి పొద్దూ ఎలా మొదలయ్యేదో ఈ వాకిట్లోనూ అలాగే మొదలవుతోంది. నీళ్ళు సిమెంటును కొట్టే చప్పుడు, వెంటనే ఈనెల గీత. జున్నుకు ఆ తర్వాత ఏం జరుగుతుందో బాగా తెలుసు.

అదే వేళకు పూజగది గంట, కుక్కరు విజిలు, రైలు కూత కూడా పడతాయి. విడివిడిగా ఏదీ కరిపించేంతటిది కాదు. కానీ భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, ఒక్కొక్కటీ దిగడానికి సమయం పడుతుంది. అరగంటలో నాలుగు పడితే అయిదోది బాబాయిగారి పాదమైనా చాలు.

మొదట చేసింది జున్నును ఆ చప్పుళ్ళ నుంచి తప్పించడం. పొద్దున అయిదున్నరకే జున్ను వెనక గదిలోకి వెళ్ళేట్టు అక్కడే తిండి గిన్నె, ఫ్యాను జోరుగా, రేడియో. తలుపు మూసి ఉంటుంది. కళ్ళాపి మానమని నేను అనలేదు. అలా చెప్పమని నాకంటే ముందు నుంచి ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు సలహా ఇచ్చారు, కానీ ఆ ఇంట్లో ముగ్గు లేని వాకిలి అంటే అశుభం జరిగిన ఇల్లు. కుక్క కోసం ఇంటిని అంత వంచితే ఇల్లు ఎప్పుడో ఒకప్పుడు కుక్కను తిప్పి పంపుతుంది.

రెండోది సాయంకాలం పాఠం. హాల్లో పాత మొజాయిక్ గళ్ళ నేల, ఒక్కో గడి దాదాపు అడుగు. దూరాన్ని గళ్ళలో కొలిచాం. బాబాయిగారు గుమ్మం బయట నిలబడి చెంబుడు నీళ్ళు మెల్లగా వంచుతారు. చప్పుడు వినబడిన క్షణం తర్వాత పిన్నిగారు ఒక చికెన్ ముక్క జున్ను ముందు వేస్తారు. వరస ముఖ్యం: ముందు చప్పుడు, తర్వాత ముక్క. తలకిందులైతే చికెన్ చూడగానే ఏదో రాబోతోందని కుక్క హడలిపోవడం మొదలుపెడుతుంది. అలా చెడిపోయిన కేసులు నేను చూశాను. పూటకు ఎనిమిది చెంబులు, అంతకు మించి లేదు. చెవులు వెనక్కి పెడితే ఆపేయాలి. ముక్క తీసుకోకపోతే దూరం చాలలేదని అర్థం.

పాల పుస్తకంలో పిన్నిగారి రాత ఇలా ఉంది: "సెప్టెంబరు 21. పాలు లీటరు. చెంబు 8. గళ్ళు 14. ఏడోసారి చెవులు వెనక్కి. ఆపాను." "సెప్టెంబరు 27. పాలు లీటరున్నర. చెంబు 8. గళ్ళు 13. పెరుగు తోడుకోలేదు."

నెల గడిచినా గళ్ళు పన్నెండు దాటి తగ్గలేదు. అప్పుడు అక్టోబరు మధ్యలో ఆ పెద్ద వాన వచ్చింది. పదిహేనో తేదీన చెన్నై సగం నీళ్ళలో ఉంది, పనికి వచ్చే ఆవిడ రాలేదు, వెనక రేకుల మీద, ముందు సిమెంటు మీద రోజంతా నీళ్ళ హోరు. జున్ను ఏమవుతుందోనని నేను భయపడుతూ కూర్చున్నాను. అది హాలు మధ్యలో, అంతకుముందు ఎప్పుడూ పడుకోని చోట, పొట్ట కనబడేట్టు పడుకుందని ఫోటో వచ్చింది.

అంటే నీళ్ళ చప్పుడు మీద నేను పెట్టిన నెల శ్రమలో సగం గురి తప్పింది. అసలు భారం చీపురుది. పాఠంలో అప్పుడప్పుడూ చెంబు తర్వాత చీపురు కూడా గీయించాను, తొందరపడి. రెంటినీ కలిపి పెట్టి, రెండిట్లో ఏది ఎంతో తెలియకుండా చేసుకున్నాను. మర్నాటి నుంచి విడదీశాం. చెంబు ఒక్కటే అయితే వారంలో అయిదు గళ్ళకు వచ్చేసింది. చీపురుకు మొదటి పాఠం ఊడవడం కాదు, గోడకు ఆనించి ఉంచడం. తర్వాత చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడడం. తర్వాత ఒక్క గీత. ఆ మొదటి గీత గీసింది పనికి వచ్చే ఆవిడే, పదహారు గళ్ళ అవతల, వీపు ఇటు పెట్టి. చికెన్ కూడా ఆవిడ చేతి నుంచే విసిరించాను. ఎవరి చేతిలో చీపురు ఉందో ఆ చేతినుంచే ముక్క రావాలి కదా.

దీపావళి అక్టోబరు 31న పడింది. తమిళనాడులో టపాసులకు అనుమతించిన వేళలు పొద్దున ఆరు నుంచి ఏడు, రాత్రి ఏడు నుంచి ఎనిమిది. ఆ వీధిలో వాటిని పాటించింది జున్ను ఒక్కతే: ఆ రెండు గంటలూ గదిలో ఉంది, మిగతా వేళల్లోనూ ఉంది. కిటికీకి పాత పరుపు కట్టాం, టీవీలో ఏదో సీరియల్ పెట్టాం. డాక్టరు ఆ రోజుకు వేరే మందు రాశారు. దాన్ని పండగకు వారం ముందే ఒకసారి ఇచ్చి ఎలా పనిచేస్తుందో చూసుకున్నాం. పండగనాడే మొదటిసారి ఇచ్చి చేతులు కట్టుకుని కూర్చోవడం ప్రమాదం. పాత రోజుల్లో ఇచ్చే ఏస్‌ప్రోమజీన్ అనే మత్తుమందు ఒక్కటే వాడితే ఒళ్ళు కదలదు, భయం మాత్రం అలాగే ఉంటుంది. చూసేవాళ్ళకు శాంతంగా ఉన్నట్టు కనబడడమే దానితో వచ్చిన చిక్కు. ఆ రాత్రి పిన్నిగారు దాని పక్కన కూర్చోవచ్చా అని అడిగారు. కూర్చోండి, అది వస్తే పట్టుకోండి కూడా అన్నాను. భయపడినప్పుడు దగ్గరికి తీస్తే భయం పెరుగుతుందన్న మాట నమ్మాల్సిన పని లేదు. అది వచ్చి ఆవిడ కాలికి వీపు ఆనించి పడుకుందట.

బయట తిప్పడం గురించి ఒక్క సంగతి. ఇలాంటి కుక్కలు వచ్చిన కొత్తల్లోనే ఎక్కువగా తప్పిపోతాయి, దొరకడం కష్టం, పేరు పెట్టి పిలిస్తే రావు. అందుకని కాలరుకు ఒక తాడు, ఒంటికి వేసే హార్నెస్‌కు ఇంకో తాడు పెట్టించాను. రెండెందుకని బాబాయిగారు విసుక్కున్నారు. నవంబరు మొదటి వారంలో గేటు దగ్గర గ్యాసు కుర్రాడు ఖాళీ సిలిండరును ధనమని దించాడు. జున్ను వెనక్కి నడిచి కాలరులోంచి తల తీసేసింది. కాలరు బాబాయిగారి చేతిలో వేలాడుతోంది. రెండో తాడు పట్టింది.

నవంబరు ఆఖరుకు, ఫెంజల్ తుపాను వచ్చే ముందు వారంలో, చీపురు గళ్ళు ఏడుకు వచ్చాయి. జనవరిలో పైపులు బాగుచేసే మనిషి కుట్టుమిషను వైపు చెయ్యి పెడితే జున్ను గుర్రుమంది. ఆర్నెల్లలో మొదటిసారి. బాబాయిగారు నాకు ఫోను చేసి ఆ సంగతి మనవడు మాట్లాడడం మొదలుపెట్టినట్టు చెప్పారు. పోయిన గొంతు తిరిగి వచ్చింది, ఇక కరిచే ముందు చెబుతుంది. ఆ మనిషికి మాత్రం మేమెందుకు సంతోషపడుతున్నామో అర్థం కాలేదు.

2025 మార్చి నాటికి స్థితి ఇది. సెప్టెంబరు 2 తర్వాత కాటు లేదు. కొత్తవాళ్ళు తాకితే ఇప్పటికీ ఒప్పుకోదు, ఒప్పుకోవాలని మేమూ ప్రయత్నించడం లేదు. బాబాయిగారి పడకకుర్చీకి ఒక్క గడి దూరంలో పడుకుంటుంది, ఆ గడి ఎందుకో వదలదు. కళ్ళాపి వేళ వెనక గది తలుపు తెరిచే ఉంచుతున్నారు. కొన్ని రోజులు లోపలే ఉంటుంది, కొన్ని రోజులు గుమ్మం దాకా వచ్చి ముగ్గు వేయడం చూస్తుంది. ఫ్లూఆక్సిటిన్ తగ్గించే విషయం వేసవి దాటాక మాట్లాడదామని డాక్టరు అన్నారు.

గోళ్ళ పని ఇంకా మిగిలింది. పంజా పట్టుకోనివ్వదు, కత్తెర చప్పుడు పడదు, ప్రస్తుతం గరుకు కాగితం అంటించిన చెక్కను తనే గీరుకోవడం నేర్పుతున్నాం. ముందరికాళ్ళకు కుదిరింది, వెనకకాళ్ళకు మోకాలు సహకరించడం లేదు. వాటికి డాక్టరు దగ్గరే మందిచ్చి కత్తిరించాలి. మంగళవారం ఖాళీ ఉందన్నారు. మంగళవారం గోళ్ళు తీయడమా అని పిన్నిగారు బుధవారానికి మార్పించారు.